పాత వెండి రూపాయి ఆన్‌లైన్‌లో కొంటున్నారా? బల్బు, పది రెట్ల లూప్, కాటా: ఏళ్ల తరబడి వాడాక సమీక్ష

ఆన్‌లైన్‌లో కనబడ్డ వెండి రూపాయిని తోమారా, పాలిష్ పట్టారా అని తేల్చుకోవడానికి ఏళ్ల తరబడి వాడుతున్న మూడు వస్తువుల సమీక్ష ఇది. టేబుల్ ల్యాంపులో ఒంటి బల్బు, పది రెట్లు పెంచి చూపే ట్రిప్లెట్ లూప్ (మూడు అద్దాలు కలిపి చేసిన చిన్న భూతద్దం), 0.01 గ్రాము దాకా చూపే జేబు కాటా. నా లెక్కలో మొదటి స్థానం బల్బుది, తర్వాత లూప్‌ది. కాటా నకిలీని పట్టిస్తుంది కానీ తోమిన సంగతి దానికి తెలియదు. చాలామంది మాత్రం కాటా మీద వెండి రూపాయి తూకం 11.66 గ్రాములు కనబడగానే నాణెం మంచిదే అనుకుని డబ్బులు పంపేస్తున్నారు.

నల్లగొండ, పాలమూరు దిక్కు ఇళ్లల్లోంచి అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా రెండు రకాలు. నిజాం హాలి సిక్కా రూపాయి 11.178 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ వాళ్ల కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, అంటే ఒక తులం, వెండి 91.7 శాతం. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయి తూకం అంతే ఉన్నా వెండి సగమే. నారాయణపేట టంకసాలలో దిల్షాదాబాద్ పేరుతో పడ్డ రూపాయల వంటి చేత్తో కొట్టిన నాణేల లెక్క వేరు. కింద చెప్పేవన్నీ మర మీద కొట్టిన నాణేలకే.

మన దగ్గర తోమిన రూపాయలు ఇంత ఎక్కువ ఎందుకంటే, అవి పూజలో ఉన్న నాణేలు. దీపావళికి లక్ష్మీపూజ ముందు చింతపండుతోనో, ముగ్గుపిండితోనో, ఇత్తడి సామాను పొడితోనో, ఈ మధ్య టూత్‌పేస్టుతోనో ఏటేటా తోమినవి. అది భక్తితో చేసిన పని, అందులో తప్పు పట్టేదేమీ లేదు. దాన్నే ‘అన్‌సర్క్యులేటెడ్, మింట్ లస్టర్’ (చేతులు మారనిది, టంకసాల మెరుపు పోనిది) అని రాసి మూడు నాలుగు రెట్ల ధరకు పెట్టడమే తప్పు.

మెరుపు ఎక్కడుంది?

ఇది ఒక్కటి పట్టుబడితే ఫొటోలోనే సగానికి పైగా తేలిపోతుంది. చేతులు మారిన రూపాయిలో ఎత్తుగా ఉన్న చోట్లు ముందు అరుగుతాయి. విక్టోరియా నాణెంలో చెంప, జడ. ఏడో ఎడ్వర్డు నాణెంలో చెవి పైన తల భాగం. ఐదో జార్జిలో కిరీటం కింది పట్టీ, చెవి, అంగీ మీది పని. హాలి సిక్కాలో చార్మినార్ మీనార్లు. అరిగిన ఈ చోట్లు బూడిద రంగులో, మెరుపు చచ్చి ఉండాలి. అక్షరాల సందుల్లో, అంచు లోపలి వైపు మురికి చేరి ముదురుగా ఉండాలి. అసలు మెరుపు ఏమైనా మిగిలితే అది అక్షరాల చాటున మిగులుతుంది. రాజుగారి చెవి అరిగి చదునైపోయి, అదే చెవి పక్కనున్న ఖాళీ జాగతో సమానంగా తెల్లగా మెరుస్తుంటే ఆ నాణేన్ని తోమినట్టే. ఇక అమ్మేవాళ్లు ఏం రాశారన్నది చదవక్కర్లేదు.

అసలు మెరుపుకు కారణం ఉంది. అచ్చు దెబ్బ పడ్డప్పుడు వెండి నడిమి నుంచి అంచు వైపు పారుతుంది, ఆ పారిన జాడ కంటికి ఆననంత సన్న గీరలుగా మిగులుతుంది. నాణేన్ని బల్బు కింద వంచితే ఆ గీరల మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. నలుపు పోగొట్టే యాసిడ్ ద్రావణంలో (డిప్) ఎక్కువసేపు ఉంచితే వెండి పైపొరతో పాటు ఆ గీరలూ కరుగుతాయి. అప్పుడు నాణెం తెల్లగానే ఉంటుంది కానీ వంచితే వెలుగు తిరగదు, మొత్తం ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోతుంది. కొన్ని సెకన్లు ముంచి బాగా కడిగిన నాణెంలో తిరుగుడు మిగిలే ఉంటుంది. దాన్ని నేను తిరస్కరించను, ధర మాత్రం తగ్గించి అడుగుతాను. సరిగ్గా కడగనిదైతే అక్షరాల మూలల్లో పాలలాంటి పొర ఉంటుంది, కొన్ని నెలలకు అక్కడే పసుపు, గోధుమ మచ్చలు లేస్తాయి.

గీతలు

పొడితో తోమిన నాణెం మీద వెంట్రుక మందం గీతలు పడతాయి. బ్రష్షుతో తోమితే ఒకే దిక్కుకు గుంపుగా, గుడ్డతో రుద్దితే సుళ్లు తిరిగినట్టు. గీతకు అడ్డంగా వెలుగు పడితేనే అది కనబడుతుంది, గీత వెంబడి పడితే మాయమవుతుంది. అందుకే నాణేన్ని వంచితే చాలదు, బల్బు కింద పూర్తిగా ఒక చుట్టు తిప్పాలి. ఒక్క ఫొటో చూసి గీతల్లేవని చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ కొత్తవాళ్లు మంచి నాణేన్ని వదులుకునే ప్రమాదం ఒకటుంది. టంకసాలలో అచ్చునే పాలిష్ చేస్తే అచ్చు మీది గీతలు నాణెం మీద ఉబ్బుగా వస్తాయి. అవి ఖాళీ జాగలోనే ఉంటాయి, అక్షరం దగ్గరికి రాగానే ఆగిపోతాయి. తోమిన గీతలు లోపలికి చెక్కినట్టుంటాయి, అక్షరం మీదుగా, బొమ్మ మీదుగా దాటిపోతాయి. లూప్‌లో చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

బఫింగ్ చక్రం మీద మెరుగు పెట్టినదైతే లూప్ కూడా అక్కర్లేదు. అద్దంలా ఉంటుంది, అక్షరాల అంచులు మొద్దుబారి సబ్బులా జారిపోయి కనబడతాయి. ఉస్మాన్ అలీ ఖాన్ హాలి రూపాయిలో చార్మినార్ తలుపులో ఉండే చిన్న ఉర్దూ ‘ఐన్’ అక్షరం, పైనున్న అరబ్బీ అంకెల 92 దీనికి మంచి ఆనవాళ్లు. మామూలుగా ఆ అక్షరం చుట్టూ నల్లటి పాత మురికి గట్టిగా పట్టి ఉంటుంది. మెరుగు పెట్టిన దాంట్లో ఆ నలుపు ఉండదు, దాని జాగలో పాలిష్ ముద్ద ఎర్రగానో ఆకుపచ్చగానో ఇరుక్కుని ఉంటుంది. ఐదో జార్జి రూపాయిలో వెనకవైపు కింద తామర దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకసాల, లేకుంటే కలకత్తా. బఫింగ్‌లో ఆ చుక్క అణిగిపోతుంది, దాంతో టంకసాల విషయమే తారుమారవుతుంది.

తీగ బ్రష్షు మెషీన్‌తో గీరి దొంగ మెరుపు తెచ్చే పద్ధతీ ఉంది. వెండి అక్షరాల పక్కకు నెట్టుకుపోయి చిన్న కట్టలా పేరుకుంటుంది. మన దగ్గర తక్కువే.

తోమిన దాన్ని మళ్లీ నల్లబరిచి అమ్మడం మాత్రం పెరిగింది. గంధకం మందుతో ఒక్క రోజులో రంగులు వస్తాయి. గీతల లోపల కూడా అదే నీలం, ఊదా పరుచుకుని ఉంటే ముందు తోమి తర్వాత రంగు తెచ్చారన్న మాట. సహజంగా వచ్చిన రంగు పసుపు నుంచి ఎరుపు-ఊదాకు, అక్కణ్నుంచి నీలానికి వరుసగా, మెల్లగా మారుతుంది. దాని కింద వెలుగు ఇంకా తిరుగుతుంది.

అమ్మేవాళ్లను ఏం అడగాలి

లిస్టింగ్ ఫొటోలు మెచ్చుకోవడానికే పనికొస్తాయి. స్కానర్ బొమ్మల్లో గీతలు కనబడవు, స్కానర్ వెలుగు అన్నిటినీ చదును చేస్తుంది. రింగ్ లైట్ ఫొటోలదీ అదే తంతు. నేను అడిగేవి ఇవి: గదిలో మిగతా లైట్లు ఆపి, ఒక్క బల్బు కింద, తెల్ల కాగితం మీద పెట్టి పదిహేను సెకన్ల వీడియో. నాణేన్ని వంచాలి, తర్వాత చుట్టూ తిప్పాలి, రెండు వైపులా. అంచు పళ్లు చుట్టూ కనబడేలా మరో ముక్క. ఫొటోలైతే వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే సైజు కుదించుకుపోయి సన్న గీతలు చెరిగిపోతాయి. కాగితం తెల్లగా కాక నీలంగానో పసుపుగానో ఉంటే రంగు సెట్టింగ్ మారింది, అందులో నాణెం రంగును నమ్మొద్దు. వీడియో పంపడానికి ఒప్పుకోని వారి దగ్గర నేను కొనను. నెట్‌వర్క్ బాగా లేదన్నా, టైం లేదన్నా అంతే.

అంచు వీడియో ఎందుకంటే, దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాల్లో రూపాయలకు కొక్కెం అతికించి నగల్లో కుట్టుకునేవారు. మిగతా ఊళ్లలో మెడలో వేసుకునే రూపాయల దండలు ఉండేవి. ఔసలాయన (కంసాలి) కొక్కెం తీసి, అతుకును ఆకురాయితో గీకి, ఆ జాడ పోవడానికి మొత్తం మెరుగు పెడతాడు. రాజు తల పైన, సరిగ్గా గడియారంలో పన్నెండు అంకె ఉండే చోట అంచు పళ్లు చెరిగి ఉంటాయి, లేదా అక్కడ వెండి రంగు కాస్త తేడాగా ఉంటుంది. ముందు ఫొటోలో ఇది ఎప్పటికీ కనబడదు. నగల నుంచి వచ్చిందని చెప్పి అమ్మితే కొనుక్కోవచ్చు, దానికీ చరిత్ర ఉంది. ధర మాత్రం వెండి ధర చుట్టుపక్కలే ఉండాలి.

ఆ వెండి లెక్క చేతిలో ఉంచుకోండి: కల్దార్‌లో శుద్ధ వెండి 10.69 గ్రాములు, హాలి సిక్కాలో 9.14, 1940–45 రూపాయిలో 5.83. గట్టిగా తోమిన మామూలు సంవత్సరపు నాణేనికి ఆ రోజు గ్రాము ధరతో గుణించి, పైన కొద్దిగా కలిపి ఇవ్వండి. భూమిలో దొరికిందని చెప్పి అమ్మేదాని జోలికి వెళ్లొద్దు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువున్న నిధి దొరికితే కలెక్టరుకు తెలపాల్సిందే.

సామాను ఎలా నిలబడింది

బల్బు: ఎల్‌ఈడీలో ఫిలమెంటు కనబడే పారదర్శక గాజుది తీసుకోండి. పాల రంగు బల్బు, ట్యూబులైటు వెలుగును పరిచేస్తాయి, గీతలు దాగిపోతాయి. చిన్న ఎల్‌ఈడీలు గుచ్చిన డెస్క్ ల్యాంపు ఒక్కో గీతకు నాలుగైదు నీడలు వేస్తుంది, అదీ వద్దు. నాణెం నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులో ఉంచాలి. కింద మెత్తని గుడ్డ పరచండి, నాణేన్ని అంచుతోనే పట్టుకోండి.

లూప్: పది రెట్లు చాలు, అద్దం 18 నుంచి 21 మిల్లీమీటర్లు ఉండాలి. కంటికి ఆనించి, నాణేన్ని రెండున్నర సెంటీమీటర్ల దూరానికి తేవాలి. లూప్‌ను నాణెం దగ్గర పెట్టి దూరం నుంచి చూసేవాళ్లకు ఏమీ కనబడదు. ‘30 రెట్లు, 60 రెట్లు’ అని రాసిన చవక రకాలు తీసుకోవద్దు. చూపే జాగ చిన్నది, అంచుల్లో రంగులు చిమ్ముతాయి, చాలావాటిలో రాసినంత పెరుగుదల కూడా ఉండదు. దీర్ఘ వాడకంలో వచ్చిన ఒకే ఇబ్బంది మడత మర వదులవడం, చిన్న స్క్రూడ్రైవర్‌తో బిగిస్తే సరిపోతుంది. మెరిసే స్టీలు ఒళ్లు కన్నా నల్ల ఒళ్లు మేలు, దాని వెలుగు నాణెం మీద పడదు. యూఎస్‌బీ మైక్రోస్కోపు కూడా వాడాను. దాని చుట్టూ ఉన్న లైట్లే గీతలను దాచేస్తాయి. రిటర్న్ అడిగేటప్పుడు ఆధారంగా ఫొటో తీయడానికి తప్ప దాని మీద డబ్బు పెట్టక్కర్లేదు.

కాటా: తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి, లేకుంటే చివరి అంకె నిలబడదు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ 100 గ్రాముల రాయితో సరిచూడాలి. వాడనప్పుడు బ్యాటరీలు తీసి ఉంచండి, మన ఎండాకాలం వేడికి అవి కారి లోపలి రేకులను తినేస్తాయి. దీనితోనే ఇంకో పరీక్ష చేయొచ్చు. నీళ్ల కప్పును కాటా మీద పెట్టి సున్నా చేయండి, నాణేన్ని సన్న దారంతో కట్టి అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కల్దార్‌కు కాటా సుమారు 1.13, హాలి సిక్కాకు 1.10, సగం వెండి రూపాయికి 1.22 గ్రాములు చూపాలి. 1.31 దగ్గర చూపితే అది రాగి-నికెల్ నకిలీ. అయస్కాంతం ఈ నకిలీని పట్టదు, అందుకే అయస్కాంతం వీడియో పంపేవాళ్లకు నేను విలువ ఇవ్వను. పరీక్ష అయ్యాక నాణేన్ని తుడవకండి, మెత్తటి కాగితం మీద పెట్టి నీరు పీల్చనివ్వండి.

ఖరీదైన నాణెమైతే పీసీజీఎస్, ఎన్‌జీసీ (నాణేలను పరీక్షించి సీలు వేసే కంపెనీలు) డబ్బాలో ఉన్నది కొనడం నయం. లేబుల్ మీద ‘డీటెయిల్స్’ అన్న మాట ఉందా చూడండి. ఉంటే నాణెం అసలుదే కానీ తోమడమో, గీకడమో జరిగిందని అర్థం. అమ్మేవాళ్లు ఆ మాట పడకుండా ఫొటో కత్తిరిస్తారు. డబ్బా నంబరును ఆ కంపెనీ సైట్‌లో కొడితే నిజం తెలుస్తుంది.

పార్సిల్ విప్పేటప్పుడు సీలు కనబడేలా మొదలుపెట్టి, నాణెం బల్బు కిందికి వచ్చేదాకా ఆపకుండా వీడియో తీయండి. రిటర్న్ గడువు సాధారణంగా కొద్ది రోజులే, కాబట్టి చూడటం ఆ రోజే అయిపోవాలి. వచ్చింది తోమిన నాణెమే అయి, ధర గిట్టి ఉంచుకున్నా సరే, దాన్ని సరిచేద్దామని చింతపండు గానీ, సోడా-అల్యూమినియం రేకు పద్ధతి గానీ వాడొద్దు. జిగురు అంటి ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి తీయండి, గోళ్ల రంగు తీసే మందు వద్దు. పీవీసీ కవర్లు ఎండాకాలంలో చెమర్చి పచ్చటి జిగట వదులుతాయి, మైలార్ (పాలిస్టర్) కవర్లలో పెట్టండి, పక్కన సిలికా జెల్ పొట్లం ఉంచండి. రబ్బరు బ్యాండ్లు ఆ పెట్టెలోకి రానివ్వకండి, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.