నాన్నగారితో నాస్కార్ ఊళ్లలో పది రోజులు

మా నాన్నగారు 2025 ఏప్రిల్‌లో అద్దంకి దగ్గర మా ఊరి నుంచి నార్త్ కరోలినాలోని కేరీకి, మా ఇంటికి వచ్చారు. వెంకటేశ్వరస్వామి గుడి, ఇండియన్ కిరాణా, సాయంత్రం వాకింగ్‌తో రెండు వారాలు గడిచాయి. ఆ తర్వాత ఆయనకు ఏమీ తోచలేదు. ఊళ్లో ఉంటే ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీ ఎక్కడ జరిగినా, పాతిక కిలోమీటర్లైనా వెళ్లి చూసొచ్చే మనిషి. మా ఆఫీసులో విల్క్స్ కౌంటీలో పుట్టి పెరిగిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు ఈ మాట చెబితే "మీ నాన్నను కార్ల రేసుకు తీసుకెళ్లు, అదీ మా ఊళ్లో మొదలుపెట్టు" అన్నారు. తన రేడియో స్కానర్ కూడా ఇచ్చారు. చెవులకు పెట్టుకుంటే డ్రైవరూ అతని జట్టు పెద్దా మాట్లాడుకునే మాటలు వినబడతాయి.

అలా మే 17న బయల్దేరి 26న తిరిగొచ్చాం. అమెరికాలో ఈ కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్. దానికి జనం తగ్గారని చాలా ఏళ్లుగా వింటున్నాను. టీవీ లెక్కలూ అదే చెబుతాయి. దాని అతి పెద్ద రేసు డేటోనా 500ను 2006లో సగటున 1.9 కోట్లకు పైగా జనం చూస్తే, 2025లో చూసినవాళ్లు 67 లక్షల చిల్లర. ఎందుకిలా అయిందో నాకు ఈ పది రోజుల్లో కొంత అర్థమైంది.

మొదటి మజిలీ విల్క్స్ కౌంటీలోని నార్త్ విల్క్స్‌బరో. కేరీ నుంచి రెండున్నర గంటలు. కొండల మధ్య ముప్పావు మైలు కూడా లేని చిన్న ట్రాక్ ఇది. ముందువైపు రోడ్డు కిందికి జారుతుంది, వెనకవైపు పైకెక్కుతుంది. నాస్కార్ పుట్టిన కాలం నుంచీ ఇక్కడ రేసులు జరిగాయి. 1996లో ట్రాక్ చేతులు మారింది. కొన్నవాళ్లు ఏటా ఇక్కడ జరిగే రెండు రేసుల తేదీలనూ టెక్సాస్‌కు, న్యూ హాంప్‌షైర్‌కు పట్టుకుపోయారు. అక్కడ పెద్ద స్టేడియాలు, పెద్ద నగరాలు. ఇక్కడ గేటుకు తాళం పడింది, స్టాండ్ల మధ్య చెట్లు మొలిచాయి. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 1.8 కోట్ల డాలర్ల సాయంతో ట్రాక్ మళ్లీ లేచి, 2023లో ఆల్ స్టార్ రేసు, అంటే పాయింట్లతో పనిలేని ప్రత్యేక రేసు, ఇక్కడికి వచ్చింది. మేం చూసింది 2025 మే 18 నాటిది.

బస గురించి ముందే చెప్పాలి. విల్క్స్‌బరోలో హోటళ్లు తక్కువ. మాకు దొరికింది హైవే పక్కన గుజరాతీ దంపతులు నడిపే పాత మోటెల్. గదిలో తివాచీ అరిగిపోయి ఉంది, కానీ పక్క శుభ్రంగా ఉంది. రేసు వారమని రేటు పెంచారు గానీ పీక మీద కత్తి పెట్టలేదు. రాత్రి పన్నెండున్నరకు తిరిగొస్తే ఆవిడ మెలకువగా ఉండి నాన్నగారికి వేడి పాలు ఇచ్చారు. పార్కింగ్‌కు ట్రాక్ వాళ్ల స్థలం ఉంది, అయినా చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తమ పొలంలో కార్లు పెట్టనిస్తారు. మేం అలాగే పెట్టాం. వెళ్లేటప్పుడు త్వరగా బయటపడ్డాం.

తిండికి శాకాహారులు ఇబ్బంది పడతారు. ట్రాక్‌లోకి చిన్న మెత్తటి కూలర్ సంచి తెచ్చుకోనిస్తారు కాబట్టి పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్లాం. ఇంతకీ నాన్నగారికి బాగా నచ్చింది దారిలో అమ్మే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. ఉప్పు నీళ్లలో గంటలకొద్దీ ఉడికించి, వేడివేడిగా సంచిలో పోసిస్తారు. "మన కాయలే అమ్మాయ్" అని ఆయన ఒక సంచి అయ్యాక ఇంకోటి కొనిపించారు.

రేసు రాత్రిపూట, లైట్ల వెలుగులో. ట్రాక్ చిన్నది కాబట్టి ఏ సీట్లో కూర్చున్నా మొత్తం కనబడుతుంది. ఆ శబ్దం చెవులతో వినేది కాదు, రొమ్ములో కొట్టుకునేది. పెద్దవాళ్లకు ఇయర్‌ప్లగ్స్ మర్చిపోకండి. 250 లాప్‌ల, అంటే ట్రాక్ చుట్టూ 250 చుట్ల రేసు, గెలిచినవాడికి పది లక్షల డాలర్లు. జోయీ లొగానో ముందున్నాడు. ఇంకా ముప్పై చిల్లర లాప్‌లున్నాయనగా, ప్రమాదం ఏదీ జరగకుండానే నిర్వాహకులు పసుపు జెండా ఊపి పోటీ ఆపి, కార్లన్నిటినీ నెమ్మదిగా ఒకదాని వెనక ఒకటి నడిపించారు. ఇలా ఒకసారి ఆపే హక్కు తమకుందని వాళ్లు ముందే ప్రకటించారు. ఆ సందులో కొత్త టైర్లు వేయించుకున్న క్రిస్టఫర్ బెల్ చివర్లో లొగానోను దాటి గెలిచాడు.

నాన్నగారికి ఇది అస్సలు మింగుడుపడలేదు. "గిత్తలు లాగుతుంటే మధ్యలో తాడు పట్టుకుని ఆపుతారా ఎవరైనా?" అన్నారు. మా వెనక వరసలో కూర్చున్న తాత ఒకాయన, భాష అర్థంకాకపోయినా నాన్నగారి ముఖం చూసి భుజం తట్టారు. ఇలాంటి మార్పులు ఒకటి కాదు. 2004లో ఛేజ్ అని, పైనున్న కొందరి పాయింట్లను దాదాపు సమం చేసి చివరి పది రేసుల్లో ఛాంపియన్‌ను తేల్చడం, 2014 నుంచి ఆ కొందరినీ విడతలవారీగా ఏరివేయడం, 2017 నుంచి రేసును ముక్కలుగా విడగొట్టడం. ఏడాది పొడవునా నిలకడగా నడిపినవాడే ఛాంపియన్ అన్న పాత లెక్క పోయింది. దూరంగా ఉన్నవాళ్లను రప్పించాలని నియమాలు మార్చారు, దగ్గరున్నవాళ్లు లేచిపోయారు.

సోమవారం వెల్కమ్ అనే ఊరికి వెళ్లాం. రిచర్డ్ చిల్డ్రెస్ అనే రేసు టీము యజమాని మ్యూజియం అక్కడే. ఈ యాత్రలో నాకు రెండో మంచి చోటు ఇదే. జనం పెద్దగా లేరు, నెమ్మదిగా తిరగొచ్చు, మధ్యమధ్యలో కూర్చోవడానికి బెంచీలున్నాయి. ఆ టీముకు డేల్ ఎర్న్‌హార్ట్ నడిపిన నల్లటి 3వ నంబరు కార్లు వరసగా నిలబెట్టారు. ఏడుసార్లు ఛాంపియన్ ఆయన. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో చివరి లాప్‌లో గోడకు గుద్దుకుని చనిపోయారు. ఆ కార్ల ముందు గట్టిగా మాట్లాడేవాళ్లు ఒక్కరూ కనబడలేదు. చిల్డ్రెస్ కథ నాన్నగారికి చదివి వినిపించాను. చిన్నప్పుడు విన్‌స్టన్ సేలంలోని బోమన్ గ్రే స్టేడియంలో వేరుశనక్కాయలు, పాప్‌కార్న్ అమ్మాడు. మొదటి రేసు కారు 20 డాలర్లకు కొన్న పాత టాక్సీ. నాన్నగారు అక్కడే చాలాసేపు నిలబడ్డారు.

ఆ వారమంతా మూర్స్‌విల్‌లో, నార్మన్ సరస్సు దగ్గర వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. కుటుంబంతో వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, హోటల్ వద్దు, ఇల్లు తీసుకోండి. రేసు టీముల్లో చాలావాటి వర్క్‌షాపులు ఈ చుట్టుపక్కలే. కాన్‌కార్డ్‌లోని హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్ టీము మ్యూజియానికి టికెట్ కొనక్కర్లేదు.

షార్లెట్ నడిబొడ్డున ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు సగం రోజు చాలు. 2010లో తెరిచారు. అనుకున్నంత జనం రాక నగరానికి భారమైంది. మేం వెళ్లినప్పుడూ సందడి తక్కువే. కానీ వసతులు బాగున్నాయి. లిఫ్టులు, శుభ్రమైన టాయిలెట్లు, ఓపిగ్గా మాట్లాడే సిబ్బంది. గ్లోరీ రోడ్ అని పైకి వంపు తిరుగుతూ పోయే దారిలో పాత కార్లు పెట్టారు. చివరకొచ్చేసరికి వాలు 33 డిగ్రీలు. అలబామాలోని టాలడీగా ట్రాక్ మలుపుల్లో అంత వాలుగా ఉంటుంది, దాని మీద మనిషి నిలబడటం కష్టం. జూనియర్ జాన్సన్ స్వయంగా తయారుచేసిన సారా బట్టీ కూడా ఉంది. పోలీసులకు దొరక్కుండా రాత్రిళ్లు కొండదారుల్లో నాటుసారా చేరవేసిన కుర్రాళ్లే ఈ ఆటకు మొదటి డ్రైవర్లు. విల్క్స్ కౌంటీకి చెందిన జాన్సన్ బట్టీ దగ్గర దొరికి జైలుకెళ్లొచ్చాడు, మొత్తం మీద 50 రేసులు గెలిచాడు. 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లోని ఒక హోటల్ మేడ మీది బార్‌లో రేసులవాళ్లను కూర్చోబెట్టి నాస్కార్‌ను కట్టింది బిల్ ఫ్రాన్స్. అప్పటి నుంచి ఇప్పటిదాకా పగ్గాలు ఆ కుటుంబం చేతుల్లోనే ఉన్నాయి. కొడుకు 1972లో, మనవడు బ్రయాన్ 2003లో సంస్థకు పెద్దలయ్యారు. 2018 ఆగస్టులో బ్రయాన్ తాగి కారు నడుపుతూ న్యూయార్క్ రాష్ట్రంలో అరెస్టయ్యాక, బాబాయి జిమ్ ఫ్రాన్స్ బాధ్యత తీసుకున్నారు.

చివరి రెండు రాత్రులు షార్లెట్ స్పీడ్‌వే అనే ట్రాక్‌కు దగ్గరని కాన్‌కార్డ్‌లో హోటల్‌కు మారాం. అది మేం చేసిన పొరపాటు. మామూలు వారాంతంలో 110 డాలర్లుండే గది 340 అయింది. మూడు రాత్రులకు తక్కువైతే ఇవ్వమన్నారు, రెండు రాత్రులే ఉన్నా మూడింటికీ కట్టాం. నాలుగో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు పనిచేయలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఉన్నారు, కింద గది ఇవ్వండని అడిగితే, లేవని చెప్పి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. నాన్నగారు రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ట్రాకులున్న ఊళ్లలో రేసు రోజుల్లో జరిగే ఈ దోపిడీ కూడా జనాన్ని ఇంట్లో టీవీ ముందు కూర్చోబెట్టింది. టెనెసీలోని బ్రిస్టల్ ట్రాక్‌లో 1982 నుంచి వరసగా 55 రేసులకు టికెట్లన్నీ అమ్ముడయ్యేవి. 2010లో అది తెగిపోయింది. డేటోనాలో, షార్లెట్‌లో వేల సీట్లు పీకేశారు. షార్లెట్‌లో వెనకవైపు చూస్తే, ఒకప్పుడు స్టాండ్లున్న చోట ఇప్పుడు మనుషులు లేరు.

అయినా షార్లెట్ స్పీడ్‌వేలో మే 25 నాటి కోకాకోలా 600 రేసు మాత్రం చూసితీరాల్సింది. సాయంత్రం మొదలై రాత్రి బాగా పొద్దుపోయేదాకా 600 మైళ్లు. చనిపోయిన సైనికుల పేర్లు ప్రతి కారు అద్దం మీదా రాసి ఉంటాయి. సగంలో కార్లన్నీ ఆపి అందరూ మౌనంగా నిలబడతారు. అన్ని వేల మంది ఉన్నచోట అంత నిశ్శబ్దాన్ని నేనెప్పుడూ వినలేదు. పై వరసల్లో సీట్లు తీసుకోండి, కింద కూర్చుంటే రబ్బరు తునకలు మీద పడతాయి, ట్రాక్ సరిగ్గా కనబడదు.

విలియం బైరన్ 400 లాప్‌లలో 283 ముందే నడిచాడు. గెలిచింది మాత్రం రాస్ చాస్టెయిన్. ప్రాక్టీసులో కారు నుజ్జయితే జట్టువాళ్లు రాత్రికి రాత్రి వేరే కారు సిద్ధం చేశారు. 40వ స్థానం, అంటే అందరికన్నా వెనక నుంచి బయల్దేరి ఆరు లాప్‌లుండగా బైరన్‌ను దాటాడు. గెలిచాక పుచ్చకాయ తీసుకుని ట్రాక్ మీద పగలగొట్టాడు. వాళ్లది ఫ్లోరిడాలో తరతరాలుగా పుచ్చకాయ పండించే కుటుంబమని చెప్పగానే నాన్నగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు రాకింగ్‌హామ్ మీదుగా వచ్చాం. ఆ ట్రాక్‌కు పెద్ద రేసు 2004 తర్వాత లేదు. దాని తేదీ కూడా టెక్సాస్‌కే పోయింది. 2025 ఏప్రిల్‌లో రెండో శ్రేణి రేసులు తిరిగొచ్చాయి. గేటు బయట కారు ఆపి ఐదు నిమిషాలు చూశాం, అంతే.

నాన్నగారు ఊరెళ్లాక డిసెంబరులో షార్లెట్ కోర్టులో విచారణ మొదలైంది. మైకేల్ జోర్డన్‌కు వాటా ఉన్న 23ఎక్స్ఐ, ఫ్రంట్ రో టీములు నాస్కార్ మీద గుత్తాధిపత్యం కేసు వేశాయి. 2016 నుంచి టీములకు చార్టర్లనే హక్కుపత్రాలున్నాయి. చార్టరున్న కారుకు ప్రతి రేసులో చోటు, ఆదాయంలో వాటా ఖాయం. కానీ అప్పటికి అవి శాశ్వతం కాదు. ఫోన్‌లో నాన్నగారికి ఇలా చెప్పాను: "గిత్తల్ని కొనేదీ మేపేదీ రైతే నాన్నా, వచ్చే ఏడు పోటీకి రానిస్తారో లేదో మాత్రం కమిటీ ఇష్టం." "మరి రైతులు రాకపోతే బండ లాగేదెవరంట?" అన్నారు. విచారణ మధ్యలోనే రాజీ కుదిరింది, చార్టర్లు శాశ్వతమయ్యాయి.

ఆ కేసులోనే బయటపడ్డాయి పెద్దల ఫోన్ మెసేజీలు. 2023లో నాస్కార్ ప్రెసిడెంటుగా ఉన్న స్టీవ్ ఫెల్ప్స్, చిల్డ్రెస్ గురించి తెలివితక్కువ మొరటువాడని, అతని ఆస్తంతా నాస్కార్ పెట్టిన భిక్షేనని, కొరడాతో కొట్టాలని రాశారు. ఆ "మొరటువాడు" అనే మాట అక్కడి పల్లె జనాన్ని తీసిపారేసే మాట. చదివినప్పుడు నాకు విల్క్స్‌బరోలో భుజం తట్టిన తాత గుర్తొచ్చారు. 2026 జనవరిలో ఫెల్ప్స్ పదవికి రాజీనామా ప్రకటించారు. అదే నెలలో పాత పది రేసుల ఛేజ్ పద్ధతికి తిరిగి వెళ్తున్నామని నాస్కార్ చెప్పింది.

నాన్నగారికి ఫెల్ప్స్ వార్త చెప్పడానికి ఫోన్ చేశాను. చిల్డ్రెస్ పేరు చెబితే గుర్తుపట్టలేదు. కాసేపాగి, "వేరుశనక్కాయలమ్మిన ఆయనేనా, నల్ల కార్లాయన?" అని అడిగారు. అవునన్నాను. "వచ్చే ఏడు వస్తే మళ్లీ ఆ ఊరు తీసుకెళ్లమ్మా" అన్నారు.