గుర్రం కొనేముందు: పెద్దాయన చూస్తే చాలా, డాక్టర్‌తో పరీక్ష చేయించాలా?

మా మేనల్లుడు భీమిలిలో గుర్రం పెట్టుకుందామనుకుంటున్నాడు. ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఊరేగింపులకి, మిగతా రోజుల్లో బీచ్‌లో పిల్లల్ని ఎక్కించి తిప్పడానికి. బేరం దగ్గరకొచ్చాక ఫోన్ చేశాడు. "మావయ్యా, డాక్టర్ చెకప్ అవసరమంటావా? బీచ్‌లో ముప్పయ్యేళ్లుగా గుర్రాలు తిప్పిన పెద్దాయన వచ్చి చూస్తానంటున్నాడు, చాలదా?"

చాలదని వెంటనే అనలేకపోయాను. ఆ పెద్దాయనలాంటి వాళ్లకి తెలిసింది తక్కువేమీ కాదు. గుర్రానికి రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లప్పుడు ముందు పాలపళ్లు జతలుగా ఊడి అసలు పళ్లు వస్తాయి. అందుకే అయిదేళ్లలోపు వయసు చెప్పడం వాళ్లకి చిటికెలో పని. పదేళ్ల ప్రాంతంలో పైదవడ ముందుపళ్లలో చివరిదాని మీద, చిగురు దగ్గర ఒక గాడి మొదలవుతుంది. పదిహేనేళ్లకి పంటిలో సగందాకా, ఇరవైకి కింది అంచుదాకా దిగుతుంది. కొంచెం అటూ ఇటూ అవుతుందనుకోండి. అయినా "ఏడేళ్లే బాబూ" అని అమ్మే గుర్రానికి ఆ గాడి సగం దిగి కనిపిస్తే ఆయన అక్కడే పట్టేస్తాడు. డప్పులకీ టపాసులకీ బెదురుతుందా, పిల్లలు చెవి లాగితే ఊరుకుంటుందా అన్నది కూడా డాక్టర్ కన్నా ఆయనే బాగా చెబుతాడు. సుళ్లు కూడా చూస్తాడు. అది ఆయన నమ్మకం, నేను కాదనను. కానీ మెడ మీద సుడిని బట్టి గుండె ఎలా కొట్టుకుంటోందో తెలియదు.

నేను మొదటి గుర్రాన్ని కన్ను మీద నమ్మకంతోనే కొన్నాను. అమ్మినాయన ఇసుకలో దౌడు తీయించి చూపించాడు. చూడముచ్చటగా ఉంది. ఇంటికి తెచ్చిన నాలుగో రోజు నుంచి ముందుకాలు కుంటడం మొదలైంది. నొప్పి తెలియకుండా మందేసి చూపించి ఉంటారేమోనని డాక్టర్ అనుమానపడ్డారు. ఫినైల్‌బ్యూటజోన్‌లాంటి మందులు ఇస్తే కుంటు తాత్కాలికంగా కనబడదు. రుజువు చేద్దామంటే కొనేరోజు రక్తం తీసి ఉంచలేదు. మందు సంగతి పక్కన పెడితే, మెత్తటి ఇసుకలో చూడటం నా తప్పే. గిట్టలో నొప్పి ఉన్న గుర్రం గట్టి నేల మీదే బయటపడుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు. కుంటిదైనా అంతే. ఏడాదిపాటు ఉలవలు పెడుతూనే ఉన్నాను.

డాక్టర్ పరీక్షలోనూ చిన్నది, పెద్దది ఉన్నాయి. బ్రిటన్‌లో పూర్తి పరీక్షని అయిదు దశలుగా చేస్తారు. మొదట నిలబెట్టి కళ్లు, నోరు, గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు, గిట్టలు చూడటం. తర్వాత గట్టి నేల మీద నడిపించి, ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య పరుగు) చేయించడం, కాలు కాసేపు మడిచి పట్టుకుని వదిలి మళ్లీ పరిగెత్తించడం. ఆపైన ఎక్కి స్వారీ చేసి అలుపు చూడటం, విశ్రాంతి ఇచ్చి గమనించడం, చివర్లో మరోసారి ట్రాట్. ఒక రక్తనమూనా తీసి దాచి ఉంచుతారు కూడా, తర్వాత మందుల గొడవ వస్తే పరీక్షించడానికి. చిన్న పరీక్ష అంటే మొదటి రెండు దశలు. ఎక్స్‌రేలు, స్కోపు (కెమెరా గొట్టంతో లోపల చూడటం) వీటికి అదనం.

పందేలకో, జంపింగ్‌కో ఖరీదైన గుర్రం కొనేవాళ్లకి ఎక్స్‌రేలు కావాలి. మావాడికి వద్దన్నాను. వాడి గుర్రం చేసేది నడక, కాస్త ట్రాట్. ఫిల్ములో ఎక్కడో చిన్న మార్పు కనిపిస్తే అది రేపు కుంటు పెడుతుందో లేదో డాక్టర్లు కూడా ఖాయంగా చెప్పలేరు. ఆ టెన్షన్ కొనుక్కోవడమే అవుతుంది. అలాగని చిన్న పరీక్షతో సరిపెట్టమనీ అనను. మన విశాఖలో మూడో దశ, నాలుగో దశ తీసేస్తే పరీక్షలో సగం పోయినట్టే.

కారణం ఇక్కడి ఉక్కపోత. గుర్రం ఒళ్లు చల్లబడేది ప్రధానంగా చెమటతోనే. పొడి ప్రాంతాల నుంచి తేమ ఎక్కువున్న తీరానికి తెచ్చిన కొన్ని గుర్రాలకి క్రమంగా చెమట పట్టడం ఆగిపోతుంది. కాస్త పని చేయగానే ఒళ్లు కాలిపోతుంది, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఆయాసపడుతుంది. కట్టేసి ఉన్న గుర్రంలో ఇది తెలియదు. పని చేయించాక మెడ, డొక్కలు తడిసాయా, విశ్రాంతిలో శ్వాస ఎంతసేపటికి కుదుటపడింది అని చూడాలి. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి గుండె 28 నుంచి 44 సార్లు, శ్వాస 8 నుంచి 16 సార్లు ఉంటాయి. అసలు నన్నడిగితే, రాజస్థాన్ నుంచి వచ్చిన అందమైన మార్వారీ జాతి గుర్రం కన్నా, ఒక ఎండాకాలం విశాఖలో పని చేసి చెమట పట్టించుకున్న సాదా గుర్రమే మేలు.

వారం రోజులు ఉంచుకుని చూసి డబ్బిస్తానంటే ఎలా ఉంటుందని కూడా మావాడు అడిగాడు. అమ్మేవాడు ఒప్పుకుంటే మంచిదే. మందేసి ఉంటే దిగిపోతుంది, బెదురు కూడా తెలుస్తుంది. కానీ చెమట సమస్య వారంలో బయటపడకపోవచ్చు. ఈలోగా గుర్రానికి శూల వస్తే ఎవరిది బాధ్యత? కాగితం మీద రాసుకోకపోతే గొడవే.

ఏ దారి ఎంచుకున్నా గ్లాండర్స్ రక్తపరీక్ష మాత్రం వదలొద్దన్నాను. ముక్కులో చీము, చర్మం మీద పుండ్లు పెట్టే ఈ జబ్బు మనుషులకీ అంటుతుంది, టీకా లేదు. పైకి ఏమీ కనిపించకుండా కూడా ఉండొచ్చు. పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం వస్తే తెలియజేయాల్సిన జబ్బుల్లో ఇదొకటి. హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం దీన్ని నిర్ధారిస్తుంది. పాజిటివ్ వస్తే గుర్రాన్ని చంపాల్సిందే. పిల్లల్ని ఎక్కించుకునే గుర్రానికి ఈ పరీక్ష చేయించకపోవడం నాకు అర్థంకాని ధైర్యం.

డాక్టర్ ఎవరన్నది ఇంకో చిక్కు. అమ్మేవాడి గుర్రాలకి వైద్యం చేసే డాక్టర్‌ని మాత్రం పెట్టుకోవద్దు. మన చుట్టుపక్కల పశువైద్యుల్లో ఎక్కువమందికి ఆవులు, గేదెలు, కుక్కలే అలవాటు. పక్కనే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, గుర్రాలు చూసే డాక్టర్ ఎవరో అక్కడ వాకబు చేయమన్నాను. ఒకవేళ హైదరాబాద్ మలక్‌పేట పందేల నుంచి దిగిపోయిన గుర్రమైతే పరీక్ష అక్కడే, లారీ ఎక్కించకముందే చేయించాలి. ఆరొందల కిలోమీటర్లు తెచ్చాక కుంటు కనిపిస్తే వెనక్కి పంపేదెవరు?

చివరికి వాడు స్వారీతో కలిపి పరీక్ష, గ్లాండర్స్‌కి రక్తం, విడిగా దాచడానికి ఇంకో నమూనా అని ఒప్పుకున్నాడు. "మరి పెద్దాయనకి వద్దని చెప్పేయనా?" అన్నాడు. వద్దనకు, తీసుకెళ్లు అన్నాను. డాక్టర్ వెనక గిట్ట ఎత్తి చూసేటప్పుడు గుర్రాన్ని పట్టుకుని నిలబడేది నువ్వైతే కాదు కదరా.