ఫిన్నిష్‌లో ‘రన్’: ఇంగ్లీషు విక్షనరీ అనువాద పెట్టెలపై సమీక్ష

ఇంగ్లీషు ‘రన్’కు ఫిన్నిష్ మాట ఏమిటని అడిగితే, ఏ అర్థంలో అని ఎదురు ప్రశ్న వేయని నిఘంటువు పెద్దగా పనికిరాదు. 2002 డిసెంబరులో మొదలై నేటికీ ఉచితంగా అందుతున్న ఆన్‌లైన్ నిఘంటువు ఇంగ్లీషు విక్షనరీ ఆ ప్రశ్న వేస్తుంది. నేను దాన్ని మెచ్చుకోవడానికి ప్రధాన కారణం అదే. అందులో అర్థాలను బట్టి విడివిడిగా అనువాద పెట్టెలు ఉంటాయి. పెట్టె తలపై ఆ అర్థాన్ని క్లుప్తంగా రాసి, లోపల భాషలను అకారాది క్రమంలో పేర్చుతారు.

ఈ విభజన ఎంత అవసరమో ఫిన్నిష్ వాడుక చూస్తే తెలుస్తుంది. మనిషి పరుగెత్తితే ‘యుఓస్తా’, బస్సు నడిస్తే ‘కుల్కెఆ’, ముక్కు కారితే ‘వుఓతా’, ఇంజను పనిచేస్తుంటే ‘క్యాయ్‌ద్యా’, కంప్యూటర్‌లో ప్రోగ్రాము నడిపితే ‘అయా’, వ్యాపారం నడిపితే ‘ప్యోరిత్త్యా’. మేజోడులో ఒక అల్లిక జారి నిలువునా సాగే చీలికను కూడా అమెరికన్లు రన్ అనే అంటారు. ఫిన్నిష్‌లో దాని పేరు ‘సిల్మ్యాపకో’. ‘సిల్మ్యా’ అంటే కన్ను, అల్లికలో ఉచ్చుకు కూడా అదే పేరు. ‘పకో’ అంటే పారిపోవడం. ఇంత సొగసైన మాట ‘పరుగు’ అనే ఒక్క అర్థాన్ని పట్టుకుని వెతికేవారికి ఎన్నటికీ దొరకదు.

తెలుగు పాఠకులకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. బస్సు నడుస్తుంది, ముక్కు కారుతుంది, సినిమా ఆడుతుంది అని మనం కూడా సందర్భానికొక క్రియ వాడతాం కనుక, ముందు తెలుగులో వాక్యం అనుకుని తర్వాత పెట్టెను ఎంచుకుంటే పొరపాటు చాలావరకు తప్పుతుంది. అయితే తెలుగు క్రియనే ఫిన్నిష్‌లోకి మోసుకెళ్లకూడదు. థియేటర్లో మనకు సినిమా ఆడుతుంది, ఫిన్నులకు తిరుగుతుంది.

లోపం ఎక్కడంటే, అనువాద పెట్టె సాధారణంగా క్రియ మూలరూపం దగ్గరే ఆగిపోతుంది. ‘ప్యోరిత్త్యా’ అని చూసి, ‘ఆయన సంస్థను నడుపుతున్నాడు’ అని రాయబోయేవారికి సంస్థ అనే మాట, ‘యురితుస్’, పార్టిటివ్ అనే ఫిన్నిష్ విభక్తిలో ‘యురితుస్త్యా’ కావాలని పెట్టె చెప్పదు. ‘యుఓస్తా’ సంగతీ అంతే. ‘నేను పరుగెత్తుతాను’ అనేసరికి అది ‘యుఓక్సెన్’ అవుతుంది, మూలరూపంలో లేని క-కారం నడుమ వచ్చి చేరుతుంది. ఆ ఫిన్నిష్ మాటపై నొక్కి దాని సొంత పుటకు వెళితే రూపాల పట్టిక మొత్తం కనిపిస్తుంది, కాబట్టి ఆ రెండో అడుగు వేయకుండా రాయడం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఫిన్నిష్ వరకే కావలసినవారు ప్రతి పెట్టెలోనూ డజన్ల కొద్దీ భాషలు దాటుకుంటూ వెళ్లడం కూడా విసుగే.

సొంత పుటకు వెళ్లడంలో మరో మేలు ఉంది. ‘అయా’కు కారు నడపడం, గడ్డం గీయడం అనే అర్థాలు కూడా ఉన్నాయని అక్కడే తెలుస్తుంది. ఇంగ్లీషు మాటకు ఎన్ని ముఖాలున్నాయో ఫిన్నిష్ మాటకూ అలాగే ఉంటాయి, కానీ అవి వేరే ముఖాలు. వాక్యంలో మాట ఎలా కుదురుకుంటుందో చూడాలనుకునేవారు ఫిన్లాండ్ దేశభాషల సంస్థ ఉచితంగా అందిస్తున్న ‘కీలితోయ్‌మిస్తొన్ సనకిర్య’ అనే నిఘంటువును పక్కన తెరిచి ఉంచుకోవాలి. అది పూర్తిగా ఫిన్నిష్‌లోనే ఉంటుంది, అయినా అందులోని చిన్న చిన్న ఉదాహరణలు భాష కొద్దిగా వచ్చినవారికీ అర్థమవుతాయి.