పొడుగు కేబుల్ డీఓ మీటరు: కొన్ని పంటలు వాడాక నా మాట

డీఓ అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, ఈ మీటరు దాన్ని లీటరుకి మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది. ఇందులో నాకు ప్రాణం దాని కేబులే. స్క్రీను, మెమరీ, వారంటీ సంగతులు పెట్టె మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను. మావి ఒడిశా గంజాం జిల్లాలో, సోనాపూర్ వైపు బాహుదా ఏటి మొగ దగ్గర ఉప్పునీటి రొయ్యల చెరువులు. గట్టు మీంచి చేయి చాచి పై నీటి డీఓ చూసేవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. కానీ రొయ్య బతికేది అడుగున. మిగిలిన మేత, పెంట, చచ్చిన ప్లాంక్టాన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) అన్నీ దిగేది అక్కడికే. ఆ బురద రాత్రంతా ఆక్సిజన్ లాగేస్తూనే ఉంటుంది. కేబుల్ చివరుండే ప్రోబుకి (ఆక్సిజన్ కొలిచే ముక్క) బరువు కట్టి, బురదకి జానెడు పైన వేలాడదీస్తే రొయ్య పీల్చే నీళ్ళేవో తెలుస్తాయి.

దీని విలువ నాకు తెలిసింది దసరా వెళ్ళాక పట్టిన వాయుగుండంలో. సాయంత్రం నుంచి కుండపోత, అర్ధరాత్రి దాటాక వెలిసింది. గట్టు పక్కన పై నీటిలో పెడితే 5.8. "ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి కదా బాబూ, ఇంకేటి, పడుకోండి" అన్నాడు కావలి తాత. తెప్ప మీద చెరువు మధ్యకి వెళ్ళి కేబుల్ వదిలాను. అంకె దిగుతూ వచ్చి బురద పైన 1.9 దగ్గర ఆగింది. పైకి లాగితే మళ్ళీ 5 దాటింది.

వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. రెండూ కలవకుండా పొరలు కట్టాయి. ఏరేటర్లు, అంటే ఆ ఫ్యాన్లు, పై పొరనే గిలకొడుతున్నాయి. పైగా వాటి సుడికి బురదంతా మధ్యకి చేరి కుప్పపడుతుంది, అక్కడ నీరు కదలదు. వానకి పీహెచ్ తగ్గడం ఇంకో ముప్పు. నల్లబురదలో పుట్టే సల్ఫైడ్‌లో విషవాయువు (హైడ్రోజన్ సల్ఫైడ్) వాటా పీహెచ్ 8 దగ్గర సుమారు పదో వంతు, 7కి దిగితే దాదాపు సగం. తాత అడుగు కదిలేలా చెయిన్ ఈడ్చి లాగుదామన్నాడు, నేను వద్దన్నాను. ఆ సమయంలో బురద కదిపితే విషం మొత్తం రొయ్యల మీదకే లేస్తుంది. తూము పై పలకలు తీసి పైనున్న మంచినీటిని ఏట్లోకి వదిలాం. రెండు ఏరేటర్లని మధ్యకి జరిపి కట్టాం. పొద్దున మేత ఆపేశాం. తెల్లారేసరికి అడుగున 3 దాటింది. చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) ఎత్తితే రొయ్యలు చురుగ్గా ఎగిరాయి. అప్పుడే గుల్ల విడిచిన మెత్తటివి కొన్ని పోయాయి, మిగతా పంట నిలిచింది.

కొత్తలో నేను అందరికీ "ఆప్టికల్ కదా, వెలుతురుతో కొలుస్తుంది, పాతరకం మీటర్లలాగా పొర మార్చే పనిలేదు, ప్రోబు కదిపే పనిలేదు" అని చెప్పేవాణ్ణి. అది ఇప్పటికీ నిజమే. కదలని అడుగు నీటిలో నికరమైన అంకె ఇచ్చేది ఇలాంటిదే. కాకపోతే సెన్సార్ క్యాప్ (ప్రోబు కొనకుండే మూత) మీద పాచి పడితే అంకె నిలబడటానికి చాలాసేపు పడుతుంది, మా నీళ్ళలో తరచూ మెత్తటి గుడ్డతో తుడవాల్సి వస్తోంది. ఆ క్యాప్‌కీ ఆయుష్షు ఉంది. నాది అయిపోయినప్పుడు బరంపురంలో దొరకలేదు. అమ్మిన షాపువాళ్ళు రేపు మాపు అంటూ తిప్పి, పట్టుబడి అయ్యాక తెచ్చిచ్చారు. ధర కూడా తక్కువేం కాదు. ఉప్పు శాతం మారినప్పుడల్లా మీటరులో మార్చి పెట్టాలి. 28 డిగ్రీల దగ్గర మంచినీరు పట్టగలిగే ఆక్సిజన్ సుమారు 7.8, అదే 25 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 25 పాళ్ళ ఉప్పు) నీటిలో 6.8 దాకానే. వానాకాలం పెట్టిన ఉప్పు అంకెనే, నీరు ఉప్పెక్కే ఎండాకాలం కూడా ఉంచేస్తే మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

ఎంత మంచి మీటరైనా బురద వాసన చెప్పదు. అందుకే ఇప్పటికీ మధ్యలోంచి గుప్పెడు మట్టి తీయిస్తాను. పైన పల్చటి గోధుమరంగు పొర ఉండి కింద నల్లగా ఉంటే ఊపిరి పీల్చుకుంటాను. పైదాకా నలుపెక్కి కుళ్ళిన గుడ్డు కంపు కొడితే, మీటరు 4 చూపించినా మేత తగ్గిస్తాను.

నా చెరువులు మట్టివి, మధ్యలో లోతెక్కువ, బురద పీల్చే డ్రెయిను లేదు. నాకైతే ఇది పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. ఇచ్ఛాపురంలో మా బావకి షీటు పరిచిన చెరువులు, సెంట్రల్ డ్రెయిను ఉన్నాయి. అతనికి ఇంత ఖర్చు అవసరమని నేను చెప్పలేదు. కొనేవాళ్ళు మీ చెరువు లోతుకి కేబుల్ సరిపోతుందా, క్యాప్ మీ ఊళ్ళో దొరుకుతుందా అని ముందే అడగండి. వీలైతే పంటకి ముందే క్యాప్ ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోండి.