ఆరేళ్ల వాడకం తర్వాత: శుభలేఖలు, పాత జీన్సు, చింతపిక్కలతో చేసిన ఆటపటాలు

2019 సంక్రాంతికి మా అక్క కొడుకుకు అట్టపెట్టె ముక్కతో ఒక అష్టాచెమ్మా పటం చేసి ఇచ్చాను. ఆ తరువాత పుట్టినరోజులకూ పండుగలకూ కలిపి మొత్తం పదకొండు ఆటలు చేశాను. వాటిలో ఏడు ఇప్పటికీ ఆడుకోవడానికి పనికివస్తున్నాయి. కానుకగా ఇచ్చిన వస్తువు ఆరు నెలలకే అటకెక్కితే చేసినవారికీ పుచ్చుకున్నవారికీ బాధే కాబట్టి, ఏది నిలిచిందో ఏది నిలవలేదో వివరంగా రాస్తున్నాను.

మొదటి పటం నిలవలేదు. అట్టకు ఒకవైపు మాత్రమే మైదా జిగురుతో తెల్లకాగితం అంటించాను. తడి కాగితం ఆరుతూ బిగుసుకుని అట్టను తనవైపు లాగడంతో పటం గిన్నెలా వంగింది. కాకినాడ వానాకాలపు చెమ్మ తోడై ఇంకా మెలితిరిగింది, ఆపైన మైదా రుచికి బొద్దింకలు అంచులు కొరికేశాయి. ఇప్పుడు రెండు అట్టలను, ఒకదాని లోపలి గాడులు నిలువుగా, రెండవదానివి అడ్డంగా ఉండేలా కలిపి అంటించి, రెండువైపులా ఒకే రకం కాగితం వేసి, రాత్రంతా బరువు కింద ఉంచుతున్నాను. మైదాకు బదులు ఫెవికాల్ వాడుతున్నాను. మైదా జిగురులో మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు కానీ అది విషం. పిల్లలు చేత పట్టుకునే వస్తువులో దానికి చోటు ఉండకూడదు.

అన్నింటిలోకీ మన్నికైనది జీన్సు ప్యాంటు కాలితో చేసిన పటం. మోకాలి కింది భాగాన్ని కుట్టు విప్పి పరిస్తే, రెండున్నర అంగుళాల గడులు ఐదేసి వరుసలుగా, అంటే పన్నెండున్నర అంగుళాల చదరంగా, సరిపోతుంది. గీతలను మిషను మీద తెల్లదారంతో రెండుసార్లు కుట్టి, నాలుగు వైపుల నడిమి గడులకూ మధ్య గడికీ పాత చీర అంచు ముక్కలతో ఇంటూ గుర్తులు వేశాను. రెండున్నర అంగుళాలే ఎందుకంటే, ఇంటూ గడిలో కాయలను చంపకూడదు కాబట్టి అక్కడ ఒక్కోసారి నాలుగైనా చేరతాయి. కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్ మూతలు నాలుగు ఆ గడిలో రెండు వరుసలుగా చక్కగా ఇముడుతాయి. ఇంతకంటే చిన్న గడులు చేసిన పటంలో కాయలు పక్క గడిలోకి జరిగి, పిల్లలు ప్రతి ఆటలోనూ తగవుపడ్డారు. ప్యాంటు వెనుక జేబును విప్పి పటం అడుగున కుట్టాను. పదహారు మూతలూ నాలుగు గవ్వలూ అందులోనే ఉంటాయి, పటం చుట్టేస్తే చంకలో ఇమిడిపోతుంది. దానిని ఎన్నిసార్లు ఉతికారో లెక్కలేదు, ఒక్క కుట్టూ ఊడలేదు.

గవ్వలు లేనప్పుడు చింతపిక్కలను ఒకవైపు గచ్చు మీద తెల్లబడేదాకా అరగదీసి వాడాను. ఇక్కడ ఓపిక అవసరం. వెల్లకిలా, బోర్లా పడే అవకాశం సమానంగా ఉంటే, నాలుగు పిక్కలను పదహారు సార్లు వేస్తే సగటున ఒకసారి చెమ్మ (నాలుగూ వెల్లకిలా), ఒకసారి అష్ట (నాలుగూ బోర్లా) పడాలి. ఒక పిక్కను తక్కువ అరగదీస్తే అది గుండ్రంగా దొర్లుతూ ఒకే వైపు పడుతుంది, దానితో ఆట చప్పబడిపోతుంది. కానుకగా ఇచ్చేముందు కనీసం యాభై సార్లైనా వేసి చూసి, మొండిగా ఒకే వైపు పడే పిక్కను మారుస్తాను. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంటికి మాత్రం పిక్కలు గానీ గవ్వలు గానీ ఇవ్వను. అవి నేరుగా నోట్లోకే వెళతాయి.

వామనగుంటలకు గుడ్ల అట్ట వాడవచ్చని చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. ముప్ఫై గుడ్ల అట్టలో ఆరేసి గుంటలు ఐదు వరుసలుగా ఉంటాయి, మనకు కావలసినది ఏడేసి గుంటల రెండు వరుసలు. ముక్కలు అతికించక తప్పదు, ఆ అతుకు దగ్గరే చిరిగిపోతుంది. పైగా అడుగు ఇరుకు కావడంతో పిక్కలను వేళ్లతో పెళ్లగించవలసి వస్తుంది. చిన్న పెరుగు కప్పులు పద్నాలుగు చెక్కపేడు మీద అంటించిన ఆట నాలుగేళ్లుగా మా చెల్లెలి ఇంట్లో క్షేమంగా ఉంది.

పులిజూదానికి పెళ్లి శుభలేఖలు బాగా పనికివచ్చాయి. దళసరి కార్డులు నాలుగు పొరలుగా అంటించి, ఇరవైమూడు కూడళ్ల పటం గీశాను. మూడు పులులకు పెద్ద కోటు గుండీలు, పదిహేను మేకలకు చొక్కా గుండీలు పెట్టాను. మూలల్లోని పసుపు మరక పై కాగితంలోంచి కూడా కనిపిస్తుంది కాబట్టి మూలలు కత్తిరించాలి. వినాయకుడి బొమ్మ ఉన్న ముక్కలను మా అమ్మ కత్తిరించనివ్వలేదు, ఆమె మాటే సబబు. వాటిని విడిగా దాచాను.

ఆటతో పాటు నియమాలు రాసిన కాగితం తప్పక ఇవ్వాలి. అష్టాచెమ్మాలో ప్రత్యర్థి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గడుల్లోకి వెళ్లకూడదని మా ఇంట్లో నియమం, మా బావగారి ఇంట్లో ఆ పట్టింపు లేదు. మొదటి కానుకలో ఆ కాగితం పెట్టనందుకు మామాఅల్లుళ్లు శివరాత్రి జాగరణలో సగం రాత్రి వాదించుకుని, చివరికి ఒంటిగంటకు నాకు ఫోన్ చేశారు.