గేర్‌బాక్స్ స్లిప్ పట్టుకోవడానికి బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్: చాలాకాలం వాడాక

ఆటోమేటిక్ కారు యజమాని "రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదు" అనగానే చాలా షెడ్లలో వచ్చే మొదటి మాట గేర్‌బాక్స్ దింపుదామని. లోపలి క్లచ్‌లు జారి ఇంజిన్ శక్తి చక్రాలకు పూర్తిగా చేరకపోవడమే స్లిప్. దింపే ముందు నిజం తేల్చుకోవడానికి, కారు కంప్యూటర్ డేటా ఇచ్చే ఓబీడీ పోర్టుకు గుచ్చే ఈఎల్‌ఎం327 చిప్ రకం బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో లైవ్ డేటా చూపించే యాప్ ఉంటే సగం పని అయినట్టే. అయితే జనం దీన్ని కొనేది కారు కంప్యూటర్ నమోదు చేసే లోపం కోడ్ల కోసం. స్లిప్ విషయంలో కోడ్లు ఆఖరున వస్తాయి.

పీ0731 నుంచి పీ0735 వరకు ఒక్కో గేర్ నిష్పత్తి తప్పిందని చెబుతాయి. పీ0741 అంటే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాకప్ క్లచ్, అంటే ఆ రెండింటినీ నేరుగా కలిపేసే క్లచ్, సరిగా పట్టడం లేదని. ఇవి నమోదు కావాలంటే జారుడు ఒక హద్దు దాటి కాసేపు నిలవాలి. అప్పటికే క్లచ్ ప్లేట్లు కాలిపోయి ఉండొచ్చు. ఒక్క పీ0700 మాత్రమే కనిపిస్తే అది "గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో వేరే కోడ్ ఉంది" అన్న కబురు మాత్రమే. ఆ లోపలి కోడ్‌ను చవక యాప్‌లు చాలావరకు చదవలేవు.

అసలు పని గ్రాఫ్‌ది. నాలుగే అంకెలు పెట్టుకోవాలి: ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), వేగం, థ్రాటిల్ శాతం (ఇంజిన్‌కు గాలి దారి ఎంత తెరుచుకుందో), కూలెంట్ వేడి. ఇంజిన్ బాగా వేడెక్కాక, హైదరాబాద్ ఓఆర్ఆర్ లాంటి చదును రోడ్డు మీద టాప్ గేర్‌లో నిలకడగా నడపాలి. లాకప్ పట్టి ఉంటే ఆర్‌పీఎంను వేగంతో భాగించినప్పుడు వచ్చే అంకె మారదు. 80 కి.మీ. దగ్గర 2000 చూపిస్తే ఆ అంకె 25. అదే గేర్‌లో 100 దగ్గర 2500 రావాలి. బండి ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ అంకె రాసిపెట్టుకోండి. టైర్ సైజు మారిస్తే మళ్లీ కొలవాలి. వేగం పూర్ణాంకాల్లోనే వస్తుంది కాబట్టి 20, 30 కి.మీ. దగ్గర ఈ లెక్క నమ్మొద్దు. 60 పైన సరిపోతుంది. కొత్త గేర్‌బాక్స్‌లలో లాకప్‌ను కావాలనే కొద్దిగా జారనిస్తారు, కనుక యాభై ఆర్‌పీఎం లోపు తేడాకు కంగారు పడక్కర్లేదు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం గేర్ మారే క్షణం. పెడల్ కదపకుండా వేగం అందుకుంటుంటే, 2 నుంచి 3కు మారేటప్పుడు ఆర్‌పీఎం 2500 నుంచి నేరుగా కిందికి దిగాలి. దిగే ముందు రెండు మూడు వందలు పైకి లేచి పడితే దాన్ని ఫ్లేర్ అంటారు: పాత క్లచ్ వదిలేసింది, కొత్తది ఇంకా పట్టలేదు. ఒకే మార్పులో వస్తే ఆ గేర్ క్లచ్‌నో దాని సోలినాయిడ్‌నో (దానికి ఆయిల్ వదిలే కరెంటు వాల్వ్) అనుమానించాలి. అన్ని గేర్లలోనూ వస్తే ఆయిల్ మట్టం, పంపు ప్రెషర్ చూడాలి. చల్లగా ఉన్నప్పుడే వస్తే గట్టిపడిన సీళ్లు, వేడెక్కాక వస్తే క్లచ్‌లకు ఆయిల్ పంచే వాల్వ్ బాడీ అరిగి ప్రెషర్ కారిపోవడం ఎక్కువగా కారణం అవుతాయి.

చవక అడాప్టర్ లోపం బయటపడేది ఇక్కడే. ఫ్లేర్ అర సెకనులో ముగిసిపోతుంది. నాసిరకం నకలు అడాప్టర్ సెకనుకు రెండు మూడు రీడింగులే ఇస్తే గ్రాఫ్‌లో అదేమీ కనపడదు, బండి బాగుందనుకుంటాం. యాప్‌లో డయల్స్ నింపేస్తే ఇంకా నెమ్మదిస్తుంది. ఫ్లేర్ వెతికేటప్పుడు ఆర్‌పీఎం, థ్రాటిల్ రెండే ఉంచండి. పెట్టె మీద వెర్షన్ అంకె చూసి కొనొద్దు. 1.5 అనే వెర్షన్‌ను అసలు చిప్ కంపెనీ ఎన్నడూ విడుదల చేయలేదు, అయినా బజారు నిండా అదే! సెకనుకు పది దాకా రీడింగులు ఇచ్చేదానికి నాలుగు రెట్లు ధర పెట్టినా ఈ పనికి దండగ కాదు. ఐఫోన్ వాళ్లు బ్లూటూత్ ఎల్ఈ గానీ వైఫై గానీ ఉన్నదే తీసుకోవాలి.

తప్పుడు అనుమానాలకు పెద్ద మూలం లాకప్. పెడల్ కాస్త లోతుగా తొక్కినా, అరకు ఘాట్ లాంటి ఎక్కుడు వచ్చినా లాకప్ వదిలేస్తుంది; ఆర్‌పీఎం ఒక్కసారిగా రెండు మూడు వందలు లేస్తుంది. అది కన్వర్టర్ స్వభావం, జబ్బు కాదు. థ్రాటిల్ గీత కదిలాక ఆర్‌పీఎం లేచిందా, కదలకుండానే లేచిందా అన్నదే చూడాలి. యాప్‌లో మీ కంపెనీ ప్రత్యేక అంకెలు, ముఖ్యంగా టర్బైన్ స్పీడ్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు తిరిగే చక్రం వేగం) దొరికితే తగువే ఉండదు: ఇంజిన్‌కూ టర్బైన్‌కూ తేడా కన్వర్టర్‌ది, టర్బైన్‌కూ చక్రాలకూ లెక్క తప్పితే లోపలి క్లచ్‌లది.

మాన్యువల్ గేర్‌బాక్స్‌నే యంత్రం నడిపే ఏఎంటీ కార్లలో కన్వర్టరే ఉండదు కాబట్టి పని ఇంకా సులువు. మాన్యువల్ మోడ్‌లో 4వ గేర్ పెట్టి 1800 దగ్గర నుంచి బాగా తొక్కితే ఆర్‌పీఎం, వేగం జంటగా పెరగాలి. ఆర్‌పీఎం ముందు పరుగెత్తితే క్లచ్ ప్లేట్ అరిగింది. విడి గేర్లు లేని సీవీటీకి ఈ పద్ధతేదీ పనికిరాదు, నిష్పత్తి ఎప్పుడూ మారుతూనే ఉంటుంది.

గ్రాఫ్ ఏం చెప్పినా ముందు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) చూడండి. డిప్‌స్టిక్ ఉన్న చాలా కార్లలో ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ వేడిగా ఉండగా, లివర్‌ను అన్ని స్థానాల్లో తిప్పి పార్క్‌లోకి తెచ్చాక కొలుస్తారు. హోండాల్లో ఇంజిన్ ఆపి కొలవాలి. మట్టం తగ్గితే పంపు గాలి పీల్చి ప్రెషర్ పడిపోతుంది, స్లిప్ మొదలవుతుంది. నల్లబడి కాలిన వాసన వస్తే ప్లేట్లు పోతున్నట్టే.

అడాప్టర్‌తో ఇంకో చికాకు: ఓబీడీ పోర్టుకు తాళం తీసినా కరెంటు అందుతూనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు లాగే అడాప్టర్ రోజుకు 1.2 ఆంపియర్ గంటలు తినేస్తుంది. 35 ఏహెచ్ బ్యాటరీ ఉన్న కారును మూడు వారాలు కదపకపోతే స్టార్ట్ కావడం కష్టం. చూడటం అయ్యాక పీకేయండి.

బ్రేక్ తొక్కిపట్టి పూర్తి రేస్ ఇచ్చే స్టాల్ టెస్ట్‌ను ఈ పరికరం చేతిలో ఉంది కదా అని ఇంట్లో మొదలుపెట్టొద్దు. కంపెనీ మాన్యువల్ అనుమతించిన బండికైనా హద్దు 5 సెకన్లే, ఆ తర్వాత ఆయిల్ చల్లారనివ్వాలి. ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ బండ్లకైతే అసలే వద్దు.