ఊరి యుద్ధ స్మారకం: స్తూపం మేలా, కమ్యూనిటీ హాలు మేలా?

యుద్ధంలో పోయిన తనవాళ్ల గుర్తుగా ఓ చిన్న ఊరు ఏం కట్టుకోవాలి? కూడలిలో రాతిస్తూపమా, అందరూ వాడుకునే హాలా? న్యూజిలాండ్ రెండూ కట్టి చూసింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దేశానికి చెందినవాళ్లు దాదాపు 18,000 మంది చనిపోయారు. అప్పటి జనాభా సుమారు 11 లక్షలే. పైగా మృతదేహాలను స్వదేశానికి తేకూడదన్నది నాటి బ్రిటిష్ సామ్రాజ్య విధానం. కొడుకు టర్కీలోని గల్లిపోలిలోనో ఫ్రాన్స్‌లోనో మట్టిలో కలిసిపోతే, ఊళ్లోని తల్లికి పువ్వు పెట్టడానికి సమాధి కూడా లేదు. అందుకే ఊరూరా స్తూపాలు, సైనికుల విగ్రహాలు వెలిశాయి. ఆ తల్లికి అదే సమాధి. అలాంటిచోట డ్యాన్సులకి పనికొచ్చే హాలు కడదామంటే ఎవరికి మనసొప్పుతుంది? ఆ తరానికి స్తూపమే సరైనది.

రెండో యుద్ధం ముగిసేసరికి చాలా ఊళ్లలో స్తూపం ఉండనే ఉంది. కొత్త పేర్లు దానిమీదే చెక్కించుకోవచ్చు. 1946లో ప్రభుత్వం ముందుకొచ్చి, స్మారకంగా కమ్యూనిటీ సెంటర్ కట్టుకునే ఊళ్లకి, వాళ్లు పోగుచేసే ప్రతి పౌండుకీ తానొక పౌండు కలుపుతానంది. అలా దేశమంతటా వందల మెమోరియల్ హాళ్లు లేచాయి.

నా ఓటు హాలుకే. స్తూపం దగ్గర ఊరంతా చేరేది ముఖ్యంగా ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయినవాళ్లని తలుచుకునే ఆన్‌జాక్ డే తెల్లవారుజామున. హాలుకి మాత్రం పెళ్లికీ, మీటింగుకీ, పిల్లల నాటకానికీ ఏడాది పొడుగునా జనం వస్తూనే ఉంటారు. గుమ్మం దాటగానే గోడమీద పేర్ల పలక. పేర్లు అక్షరక్రమంలో ఉంటే, ఒకే ఇంటిపేరు వెంటవెంటనే రెండుసార్లు కనిపించినచోట అన్నదమ్ములేమో అనిపించి ప్రాణం చివుక్కుమంటుంది. వేరే పనిమీద వచ్చినవాళ్లని కూడా ఒక్క క్షణం ఆపే శక్తి ఆ పలకకుంది.

అయితే హాలుకి పోషణ కావాలి. రాయిని అప్పుడప్పుడు కడిగితే చాలు. హాలుకి పైకప్పు కారుతుంది, వైరింగ్ పాతబడుతుంది. 2011లో క్రైస్ట్‌చర్చ్ నగరంలో వచ్చిన భూకంపం తర్వాత న్యూజిలాండ్‌లో భవనాల నిబంధనలు బిగిశాయి. భూకంపాన్ని తట్టుకునే బలం కొత్త భవనానికి ఉండాల్సిన దాంట్లో 34 శాతం కూడా లేదని తేలితే, గడువులోగా పటిష్ఠం చేయాలి, లేదా కూల్చేయాలి అన్నారు. చిన్న ఊరికి అది తలకు మించిన ఖర్చు. హాలుకి తాళం పడితే లోపలి పేర్లకీ తాళం పడినట్టే. ఇదే నన్ను బాగా కలవరపెట్టే విషయం.

కాబట్టి హాలు కట్టినా పేర్లు లోపల పెట్టకూడదు. గుమ్మం పక్కన, బయట, భవనానికి ఆనకుండా విడిగా నిలబడే రాతిపలక మీద చెక్కించాలి. రేపు హాలు మూసేసినా, కూల్చేసినా, పలక అక్కడే ఉంటుంది. మరమ్మతులకి ఏటా కొంత సొమ్ము పక్కన పెట్టలేని ఊరు మాత్రం హాలు జోలికి పోకుండా స్తూపమే కట్టుకోవడం మంచిది.